సంక్రాంతి సెలవుల్లో అమ్మాయితో ముంబయి: వెళ్లి వచ్చిన వాళ్లు సలహా ఇవ్వండి

కొర్లగుంట అమ్మ:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఇల్లున్న వాళ్లకు తెలిసిన సంగతే. సెలవులు వస్తే మనం ఊళ్లు తిరగడం ఉండదు, చుట్టాలే మన ఇంటికి వస్తారు. బ్రహ్మోత్సవాలకు కొందరు, వైకుంఠ ఏకాదశికి కొందరు, మధ్యలో పుట్టువెంట్రుకలు, మొక్కులు. వాళ్లు రావడం మాకు సంతోషమే. కానీ మా అమ్మాయికి 14 ఏళ్లు వచ్చాయి, తొమ్మిదో తరగతి చదువుతోంది. వచ్చే ఏడాది పదో తరగతి, ఆ తర్వాత ఇంటర్, హాస్టల్. నాతో కలిసి నాలుగు రోజులు తిరగడానికి ఆమెకు మళ్లీ ఎప్పుడు తీరుతుందో తెలియదు. అందుకే ఈసారి ఒక పెద్ద నగరం చూపించాలని గట్టిగా అనుకున్నాను.

ఏ ఊరు కావాలంటే ముంబయి అంది. తను బొమ్మలు గీస్తుంది. ఎక్కువగా భవనాలే. చంద్రగిరి రాజమహల్‌ను అన్ని వైపుల నుంచీ గీసింది. ముంబయి రైల్వే స్టేషన్ ఫొటో ఎక్కడో చూసి, దాన్ని ఎదురుగా కూర్చుని గీయాలని పట్టుబట్టింది.

మా వారికి సెలవు దొరకదు. మేమిద్దరమే వెళ్లాలి. పండుగ ఇంట్లో చేసుకుని బయలుదేరతాం. ‘కనుమ నాడు కాకి కూడా కదలదు’ అని మా అత్తగారు ముందే చెప్పారు, ఆవిడ మాట దాటను. కనుమ మరునాడు శనివారం. ఆ రోజు రైలెక్కితే ఆదివారానికి ముంబయిలో ఉంటాం. గురువారం తిరుగు ప్రయాణం. ఎక్కడ ఉండాలి, లోకల్ రైళ్లు ఎక్కవచ్చా, ఏవి చూడాలి, ముఖ్యంగా ఏవి వదిలేయాలి? నాకు హిందీ వచ్చు.

రేణిగుంట రైలు:

అమ్మా, ముందు టికెట్ల సంగతి చూడండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకటిలా 120 రోజులు కాదు. పండుగ వారం కాబట్టి తెరిచిన రోజు ఉదయమే చేసుకోవాలి. చెన్నై నుంచి ముంబయి వెళ్లే బండ్లు మన రేణిగుంట మీదుగానే కడప, గుంతకల్లు, రాయచూరు, వాడి, షోలాపూర్, పుణె దాటి వెళ్తాయి. కొన్ని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌కు, అంటే అక్కడి వాళ్లు సీఎస్ఎంటీ అనే చోటికి పోతాయి. కొన్ని కుర్లా దగ్గరి లోకమాన్య తిలక్ టెర్మినస్ దగ్గరే ఆగిపోతాయి. టికెట్ తీసేటప్పుడు ఇది తప్పకుండా చూడండి.

ఇంకో మాట. పుణె దాటాక లోనావాలా నుంచి కర్జత్ వరకు బండి భోర్ ఘాట్ దిగుతుంది. ఆ దారి 1863లో తెరిచారు. సొరంగాలు, లోయలు, వంపు తిరిగినప్పుడు కిటికీలోంచి కనబడే మన బండి ముందు పెట్టెలు! ఆ ఘాట్‌ను వెలుతురులో దాటే బండిని ఎంచుకోండి. రాత్రి దాటే బండిలో వెళ్తే మీ అమ్మాయికి చీకటి తప్ప ఏమీ కనబడదు. తిరుగు ప్రయాణంలో కర్జత్ దగ్గర ఘాట్ ఎక్కడానికి వెనుక నుంచి నెట్టే ఇంజన్లు తగిలిస్తారు. ప్లాట్‌ఫాం మీద వడాపావ్ కొనుక్కుని ఆ పని చూడవచ్చు.

చంద్రగిరి వాసి:

మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు. అంత దూరం ఎందుకని అడుగుతున్నాను. మూడు నాలుగు గంటల్లో చెన్నై ఉంది. ఎగ్మూరు మ్యూజియం 1851 నాటిది. మన అమరావతి శిల్పాలు అక్కడ ఉన్నాయి, కంచు విగ్రహాల గ్యాలరీ ఉంది. సెయింట్ జార్జి కోట ఉంది. ఆ కోట కట్టుకోవడానికి 1639లో ఇంగ్లీషు కంపెనీకి స్థలం దక్కింది చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. మీ అమ్మాయి గీసిన రాజమహల్‌కు ఆ నగరానికీ ఉన్న సంబంధం అది. మనం చెన్నైకి ఆసుపత్రుల కోసం, పెళ్లి చీరల కోసం పోయి వస్తాం. ఆ నగరాన్ని నగరంగా చూసిన వాళ్లు మన జిల్లాలో ఎందరున్నారు?

కొర్లగుంట అమ్మ:

మీరన్నది నిజమే. మా అమ్మాయికి కూడా చెన్నై అంటే టీనగర్, పంటి డాక్టరు. ఎగ్మూరు మ్యూజియానికి వేసవిలో తప్పకుండా తీసుకెళ్తాను. కానీ ఈ ప్రయాణం తను కోరుకున్నది. మొదటిసారి ఏదైనా ఊరు తనకు తానుగా కావాలని అడిగింది. దాన్ని దగ్గరి ఊరితో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు.

చంద్రగిరి వాసి:

అలాగైతే ముంబయికే వెళ్లండి. నేను అడ్డు చెప్పను.

ఠాణే కోడలు:

నేను చిత్తూరు అమ్మాయిని. పెళ్లయ్యాక ఠాణే వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఈ చర్చ చూసి చాలా సంతోషించాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మీరు దిగే ఆదివారం తేదీ చూశాను. అది జనవరి మూడో ఆదివారం. ఏటా ఆ రోజే ముంబయి మారథాన్ జరుగుతుంది, అది మొదలయ్యేది సీఎస్ఎంటీ దగ్గరే. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా దక్షిణ ముంబయి రోడ్లు చాలావరకు మూసేస్తారు. సామాను పట్టుకుని టాక్సీ కోసం నిలబడితే దొరకదు. ఆదివారాల్లో సెంట్రల్, హార్బర్ లైన్లలో మరమ్మతుల కోసం ‘మెగా బ్లాక్’ అని కొన్ని గంటలు లోకల్ రైళ్లు తగ్గిస్తారు. అది కూడా గుర్తుంచుకోండి. భయపడాల్సింది ఏమీ లేదు. సీఎస్ఎంటీలోనే దిగే బండి తీసుకుని, స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఫోర్ట్ ప్రాంతంలో గది తీసుకోండి. దాదర్ కంటే ధర ఎక్కువే. కానీ మీరు చూడాలనుకునేవి మూడొంతులు అక్కడే నడక దూరంలో ఉన్నాయి. మీ అమ్మాయికి రోడ్డు నిండా పరుగెత్తే వేల మంది కూడా కనబడతారు, అది ఏ రోజు పడితే ఆ రోజు దొరికే దృశ్యం కాదు.

దక్షిణాన ఉండడంలో ఇంకో లాభం ఉంది. ఉదయం లోకల్ రైళ్లలో జనం దక్షిణం వైపు వస్తారు, సాయంత్రం ఉత్తరం వైపు వెళ్తారు. మీరు ఫోర్ట్‌లో ఉంటే ఉదయం ఉత్తరానికి వెళ్లి, సాయంత్రం దక్షిణానికి వస్తారు. రద్దీకి ఎదురు దిశ. కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

ఆటోల గురించి: బాంద్రా, సయాన్‌లకు దక్షిణాన ఆటోలను అనుమతించరు. కాబట్టి మీరు ఉండే చోట ఆటో కోసం చూడకండి, నలుపు పసుపు టాక్సీలే. మీటరు వేస్తారు.

సముద్రంలో దీవి మీదున్న ఎలిఫెంటా గుహలు సోమవారం మూసి ఉంటాయి. బోరివలిలోని సంజయ్ గాంధీ జాతీయ పార్కు, నెహ్రూ ప్లానెటేరియం కూడా సోమవారం ఉండవు. చాలామంది ఆ గుహలకు పడవలు బయలుదేరే గేట్‌వే ఆఫ్ ఇండియా దాకా వచ్చి, సోమవారమని తెలిసి వెనుదిరగడం నేను చూశాను.

కాణిపాకం అన్న:

చెల్లమ్మా, నాదొక భయం. పెద్ద నగరం, ఇద్దరూ ఆడవాళ్లే, భాష వేరు. లోకల్ రైళ్ల గురించి టీవీలో చూస్తుంటాం, తలుపుల దగ్గర వేలాడుతూ. మీవారికి సెలవు దొరికినప్పుడు వెళ్తే మంచిది కదా. ఒకవేళ వెళ్తే సిద్ధివినాయకుడి దర్శనం మాత్రం మానకండి. మన కాణిపాకం స్వామిని చూసే కళ్లతో అక్కడి స్వామిని కూడా చూడాలి.

ఠాణే కోడలు:

అన్నా, మీ భయం అర్థమైంది. నాకు ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇంకా ఎక్కువ ఉండేది. అందుకే వివరంగా చెబుతాను.

ప్రతి లోకల్ రైలులోనూ ఆడవాళ్లకు వేరే బోగీలు ఉంటాయి. బోగీ మీద స్త్రీ బొమ్మ ఉంటుంది. అది ప్లాట్‌ఫాం మీద ఎక్కడ ఆగుతుందో అక్కడ నిలబడి ఉన్న ఆడవాళ్లను చూస్తేనే తెలిసిపోతుంది, వాళ్ల వెనుక నిలబడితే చాలు. బండి స్టేషన్లో అర నిమిషం కూడా ఆగకపోవచ్చు, కాబట్టి ముందు అమ్మాయి ఎక్కాలి, తర్వాత మీరు. ఒకవేళ ఒకరు ఎక్కి ఒకరు మిగిలిపోతే ఏం చేయాలో ముందే అనుకోండి: ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే నిలబడాలి, మిగిలినవాళ్లు తర్వాతి బండిలో రావాలి. ఈ ఒక్క మాట ముందే అనుకుని ఉంటే సగం భయం పోతుంది.

లోపలికి వెళ్లాక కూర్చున్న ఆడవాళ్లు ‘ఎక్కడ దిగుతారు?’ అని అడుగుతారు. మన సంగతి ఆరా తీయడానికి కాదు. ఎవరు ముందు దిగుతారో తెలిస్తే ఆ సీటు ఎవరిదో ముందే తేలిపోతుంది. నిలబడిన నాకు తెలియని ఆవిడ తన సీటు ఇచ్చిన రోజులు ఎన్నో. చెవి రింగులు, జడ పిన్నులు, గాజులు అట్టముక్కలకు గుచ్చి అమ్మేవాళ్లు బోగీలోనే తిరుగుతారు. మీ అమ్మాయి కొనడం మొదలుపెడితే దిగాల్సిన స్టేషన్ దాటిపోతుంది, చూసుకోండి.

ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా ఎక్కకపోతే వేలాడే దృశ్యాలు మీకు ఎదురుకావు. అత్యవసరమైతే 112, రైల్వేకు 139. ఈ రెండూ అమ్మాయి ఫోనులో ఉండాలి.

సిద్ధివినాయక్‌కు ఇప్పుడు చాలా సులువు. భూగర్భ మెట్రో మూడో లైను 2025 అక్టోబరులో కఫ్ పరేడ్ దాకా పూర్తిగా తెరిచారు. సీఎస్ఎంటీ దగ్గర ఎక్కి సిద్ధివినాయక్ స్టేషన్లోనే దిగవచ్చు. మంగళవారం మాత్రం వద్దు, ఆ రోజు వరుస చాలా పొడుగు.

కాణిపాకం అన్న:

ఇంత వివరంగా చెప్పాక ధైర్యం వచ్చింది. వెళ్లి రండి చెల్లమ్మా.

మదనపల్లె టీచరమ్మ:

ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. 14 ఏళ్ల ఆడపిల్లతో ప్రయాణం అంటే నెలసరి సంగతి ముందే ఆలోచించాలి. తేదీ దగ్గరగా ఉన్నా లేకపోయినా కావలసినవి మీ సంచిలో ఒకటి, ఆమె సంచిలో ఒకటి వేరువేరుగా ఉండాలి. ప్రయాణపు అలసటకు తేదీలు మారవచ్చు. పడవ ఎక్కే రోజు అలా జరిగితే ఆ రోజును ఇంకో రోజుకు మార్చుకోవడానికి ఎక్కడో ఒక పూట ఖాళీగా ఉంచండి. మ్యూజియం, పెద్ద హోటలు, మెట్రో స్టేషన్, ఎక్కడ మరుగుదొడ్డి బాగుంటే అక్కడ వాడుకోవాలి. ‘ఇప్పుడు వద్దులే’ అని పిల్లలు ఊరుకుంటారు. నీళ్లు తాగడం కూడా మానేస్తారు. మా బడిలో ఆడపిల్లలు పగలంతా నీళ్లు తాగకుండా ఉండడం చూస్తూ ఉంటాను, చాలా బాధ కలుగుతుంది.

రెండోది, రోజుకు ఒక పెద్ద చోటు చాలు. ఆ పైన ఏది చూసినా బరువే. ఈ వయసు పిల్లలు అలసిపోతే చెప్పరు, ముఖం ముడుచుకుంటారు. మనం దాన్ని పొగరు అనుకుంటాం. కాసేపు కూర్చోబెట్టి ఏదైనా తినిపిస్తే మళ్లీ మామూలవుతారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ ప్రణాళిక మీరు వేయకండి, ఆమెను వేయమనండి. ఏ రోజు ఏది మూసి ఉంటుంది, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎలా వెళ్లాలి, ఎంత ఖర్చు, అన్నీ ఆమె చేతే రాయించండి. మీరు డబ్బు, భద్రత చూసుకోండి. ఎక్కడ దిగాలో ఆమె చెప్పాలి, మీరు దిగాలి.

పాకాల నాన్న:

టీచరమ్మ గారు, మిగతావన్నీ ఒప్పుకుంటాను. కానీ ప్రణాళిక పిల్లల చేతికిస్తే ఫోనులో చూసిన చోట్లే తిరుగుతారు. మా అమ్మాయికి 16. హైదరాబాదు తీసుకెళ్తే చార్మినార్ ముందు నిలబడి రీలు తీసుకుని, ఇక పోదామంది. ప్రయాణంలో ఫోను తీసేసుకోవాలని నా అభిప్రాయం.

మదనపల్లె టీచరమ్మ:

ఫోను తీసేసుకుంటే ఆమె దృష్టి భవనం మీదికి రాదండీ, ఫోను తీసుకున్న నాన్న మీదే ఉంటుంది. ఆ ఫోనుకే ఒక పని అప్పగించండి. పటం చూడడం, రైలు వేళలు చూడడం, మెట్రో టికెట్ తీయడం ఆమె చేయాలి. చార్మినార్ దగ్గర మీ అమ్మాయికి ఏ పనీ లేదు, అందుకే రీలు తీసుకుంది. లాడ్ బజారుకు దారి కనిపెట్టమని చెప్పి ఉంటే ఆ గంట వేరుగా గడిచేది.

పాకాల నాన్న:

ఆలోచిస్తాను. మా వాడకట్టులో ఏ ఇంట్లో చూసినా ఇదే గొడవ, కాబట్టి మీ మాట వాళ్లకు కూడా చెబుతాను.

పుత్తూరు మాస్టారు:

రిటైరైన లెక్కల మాస్టారిని. ముంబయి లోకల్ రైలు భయం పోవాలంటే ఇక్కడే అభ్యాసం చేయవచ్చు. తిరుత్తణి నుంచి చెన్నైకి సబర్బన్ రైళ్లు నడుస్తాయి. ఒక ఆదివారం తిరుపతి నుంచి తిరుత్తణికి వెళ్లి, అక్కడ సబర్బన్ రైలెక్కి చెన్నై సెంట్రల్ దాకా వెళ్లి, తిరిగి రండి. టికెట్ అమ్మాయే తీయాలి, ప్లాట్‌ఫాం అమ్మాయే కనుక్కోవాలి. ఆడవాళ్ల బోగీ ఎక్కడ ఆగుతుందో చూడడం, త్వరగా దిగడం, బోర్డు చదవడం, అన్నీ అలవాటవుతాయి. చంద్రగిరి వారు కోరినట్టు ఎగ్మూరు మ్యూజియం కూడా అదే రోజు చూసి రావచ్చు.

ఖర్చు విషయం. రోజుకు ఇంత అని ఆమె చేతికే ఇచ్చి, లెక్క రాయమనండి. మిగిలితే ఆమెదే. ముంబయి లోకల్‌కు 1, 3, 5 రోజుల టూరిస్టు టికెట్లు ఉన్నాయి. రోజూ విడి టికెట్లు తీసుకుంటే ఎంత, టూరిస్టు టికెట్‌కు ఎంత అని ఆమె లెక్క కట్టి చెప్పాలి. మీరు ఎక్కువగా నడిచే ప్రణాళిక వేస్తే విడి టికెట్లే చవక కావచ్చు. ఎలిఫెంటాలో పురావస్తు శాఖ టికెట్ 15 ఏళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు, ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి.

శ్రీకాళహస్తి కలంకారి:

బొమ్మలు గీసే పిల్ల అన్నారు, అందుకే రాస్తున్నాను. మాది కలంకారి ఇల్లు.

మీ అమ్మాయి గీయాలనుకున్న సీఎస్ఎంటీ స్టేషన్‌ను 1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. గీసిన వాడు ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్. కానీ ఆ గోడల మీది ఆకులు, పక్షులు, జంతువులు చెక్కడంలో అక్కడి జె.జె. చిత్రకళా కళాశాల విద్యార్థుల చేయి ఉంది. అంటే మీ అమ్మాయి కంటే కొద్దిగా పెద్ద పిల్లలు. మొత్తం భవనాన్ని ఒకేసారి గీయాలని చూస్తే ఆ గోపురాలు, కమానుల మధ్య చేయి తడబడుతుంది. ముందు గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, ఇంకోవైపు పులి ఉంటాయి. ఆ పులితో మొదలుపెట్టమనండి. ఎదురుగా ఉన్న మునిసిపల్ కార్పొరేషన్ భవనం కూడా స్టీవెన్స్‌దే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చేతి అలవాట్లు తెలుస్తాయి. రాత్రి దీపాల్లో ఒకసారి, ఉదయం ఎండలో ఒకసారి చూడాలి.

ఓవల్ మైదానం తప్పకుండా వెళ్లండి. మైదానం మధ్యలో నిలబడితే తూర్పున హైకోర్టు, విశ్వవిద్యాలయం, 85 మీటర్ల రాజాబాయి గడియార స్తంభం, అన్నీ కోసుగా పైకి లేచిన 19వ శతాబ్దపు రాతి కట్టడాలు. వెనక్కి తిరిగితే పడమరన 1930ల నాటి అపార్టుమెంట్లు. నున్నటి వంపులు, లేత రంగులు, ఓడల్లా గుండ్రని మూలలు. మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఈ రెండు వరుసలకు కలిపి 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక నగరం మనసు మార్చుకోవడం కళ్లతో చూడగల చోటు నాకు తెలిసినంతలో అంతకన్నా లేదు. రాజాబాయి పైకి ఎక్కనివ్వరు, కింది నుంచే చూడాలి.

ఇక ఎలిఫెంటా. బయలుదేరే ముందు ఒక ఆదివారం ఆమెను గుడిమల్లం తీసుకెళ్లండి. మన ఏర్పేడు పక్కనే. క్రీస్తుకు పూర్వపు శివలింగం, ముందు భాగంలో నిలబడిన శివుడు, కింద యక్షుడు. దేశంలో దొరికిన అతి ప్రాచీన లింగాల్లో అదొకటి. ఆ తర్వాత ఎలిఫెంటా గుహలోకి వెళ్తే, కొన్ని వందల ఏళ్లలో శివుడి రూపం ఎంత దూరం ప్రయాణించిందో ఆమెకే తెలుస్తుంది. లోపల వెనుక గోడలో దాదాపు 20 అడుగుల మూడు ముఖాల సదాశివుడు ఉంటాడు. ఎడమవైపు ముఖంలో మీసం, ముడుచుకున్న బొమలు, పాము. కుడివైపు సుకుమారమైన ముఖం, చేతిలో పువ్వు. మధ్య ముఖం కళ్లు మూసుకుని ఉంటుంది. వెలుగు పక్క నుంచి వస్తుంది కాబట్టి కాసేపు కదలకుండా నిలబడితే గానీ ఆ పెదవులు కనబడవు. అక్కడే ఒక పక్క శివపార్వతుల కల్యాణం చెక్కారు. పార్వతి తల కొంచెం వంచి నిలబడిన తీరు చూడమనండి. తిరుపతి పిల్లకు కల్యాణం కొత్త కాదు కదా. చాలా విగ్రహాల కాళ్లు, చేతులు విరిగిపోయి ఉన్నాయి. అయినా ఆ పార్వతి సిగ్గు చెక్కుచెదరలేదు.

కొర్లగుంట అమ్మ:

మీ అందరికీ ఏమని చెప్పాలో తెలియడం లేదు. ఈ చర్చ మొత్తం అమ్మాయికి చదివించాను. టీచరమ్మ గారు చెప్పినట్టు కాగితం, పెన్ను ఇచ్చి గదిలోంచి బయటకు వచ్చేశాను. కింద రాస్తున్నది తనే.

నమస్కారం. నేను అమ్మ ఖాతా నుంచి రాస్తున్నాను. ఆదివారం చేరగానే గదికి నడిచి వెళ్లి పడుకుంటాం. సాయంత్రం మెరైన్ డ్రైవ్, రాత్రి దీపాల్లో స్టేషన్. సోమవారం ఉదయం పులిని గీస్తాను, తర్వాత ఓవల్ మైదానం, తర్వాత కాలా ఘోడా దగ్గర మ్యూజియం, జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, సాయంత్రం కొలాబాలో కొనుగోళ్లు. మంగళవారం మొదటి పడవలో ఎలిఫెంటా. బుధవారం లోకల్ రైలులో బాంద్రా, అక్కడి నుంచి సముద్రం మీది వంతెన చూస్తాం, మధ్యాహ్నం మాటుంగాలో భోజనం, ఫ్లెమింగో పక్షులు. గురువారం సిద్ధివినాయక్, క్రాఫర్డ్ మార్కెట్, తర్వాత రైలు. కలంకారి అంకుల్, గుడిమల్లం వచ్చే ఆదివారం వెళ్తున్నాం. లింగాన్ని గీయనిస్తారా?

శ్రీకాళహస్తి కలంకారి:

గుడిలో పూజ జరుగుతుంది కదమ్మా. లోపల గీయవద్దు, ఫొటో కూడా వద్దు. బాగా చూసి, బయట మండపంలో కూర్చుని గుర్తున్నంత గీయి. అలా గీస్తే నువ్వు ఏది చూశావో, ఏది చూడలేదో నీకే తెలుస్తుంది. మళ్లీ లోపలికి వెళ్లి చూసి రా.

ఠాణే కోడలు:

చాలా బాగా వేశావు తల్లీ. ఒకటి రెండు మారుద్దాం. సోమవారం మరీ ఎక్కువైంది. మ్యూజియం ఒక్కటే సగం పూట తీసుకుంటుంది. 1922లో తెరిచిన భవనం, ఆ గుమ్మటం కిందే ఎంతోసేపు నిలబడతావు. దాని రూపశిల్పి జార్జి విటెట్‌దే గేట్‌వే కూడా, కాబట్టి మంగళవారం పడవ ఎక్కే ముందు అది పోల్చుకో. కొలాబా కొనుగోళ్లు బుధవారం సాయంత్రానికి మార్చు. జహంగీర్ గ్యాలరీ మ్యూజియం పక్కనే ఉంది, ప్రవేశం ఉచితం, ఉంచుకో.

ఫ్లెమింగోలు మానెయ్. అవి అలల వేళలను బట్టి కనబడతాయి, కుదరకపోతే పూటంతా పోతుంది. అవే పక్షులు మన సూళ్లూరుపేట దగ్గర పులికాట్‌లో ఉన్నాయి, అదే చలికాలంలో.

బాంద్రాకు ఉదయం 11 లోపే వెళ్లినా ఫరవాలేదు. చర్చ్‌గేట్‌లో బండి మొదలవుతుంది కాబట్టి ఖాళీగానే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు మాటుంగా చూసుకుని 5 లోపు ఫోర్ట్ చేరండి. మాటుంగాలో దక్షిణాది వాళ్లు తరాలుగా ఉన్నారు. వీధిలో మల్లెపూలు, అరటి ఆకులు, కాఫీ పొడి వాసన. ఉడిపి హోటళ్లలో వరుసలో నిలబడాలి, కానీ ఇడ్లీ తిన్నాక మీ అమ్మ ముఖం చూడు. బేరం ఆడడం కొలాబాలో నువ్వే చేయాలి. చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టు, నవ్వుతూ అడుగు, ఇవ్వకపోతే నడిచి వెళ్లిపో. పిలుస్తారు.

ఎలిఫెంటాకు పడవలో గంట పడుతుంది, ఆ తర్వాత నూరుకు పైగా మెట్లు. కోతులు ఎక్కువ, తినేవి చేతిలో కనబడకూడదు. మన అలిపిరి మెట్లు ఎక్కేవాళ్లకు ఆ మెట్లు ఒక లెక్క కాదు.

మదనపల్లె టీచరమ్మ:

అమ్మాయీ, ఇన్ని రోజుల్లో ఎక్కడా ఖాళీ పూట లేదు. మంగళవారం మధ్యాహ్నం గుహల నుంచి వచ్చాక ఏమీ రాయకు. అమ్మ పడుకుంటుంది, నువ్వు గీసుకో.

కొర్లగుంట అమ్మ:

రాసుకుంది, టీచరమ్మ గారు. టికెట్లు దొరికాయి, సీఎస్ఎంటీ దాకానే. రేణిగుంట రైలు గారు చెప్పినట్టు ఘాట్ వెలుతురులో దాటే బండే చూసుకున్నాం. ఫోర్ట్‌లో గది కూడా తీసుకున్నాం. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక అని అమ్మాయి పటంలో కొలిచింది. మాస్టారు చెప్పిన లెక్క కూడా కట్టింది, విడి టికెట్లే చవక అని తేల్చింది. ఒక్క ప్రశ్న మిగిలింది. గురువారం ఉదయమే గది ఖాళీ చేయాలి, రైలు ఆ తర్వాత చాలాసేపటికి. సామాను ఎక్కడ పెట్టాలి?

రేణిగుంట రైలు:

సీఎస్ఎంటీలో క్లోక్ రూం ఉంది. రైలు టికెట్ చూపించాలి, గుర్తింపు కార్డు కావాలి, ప్రతి సంచికీ తాళం ఉండాలి. తాళం లేని సంచి తీసుకోరు, కాబట్టి చిన్న తాళాలు తిరుపతిలోనే కొనుక్కుని వెళ్లండి. రసీదు అమ్మాయి దగ్గర ఉంచండి. తీసుకోవడానికి బండి వేళకు కనీసం గంట ముందు వెళ్లాలి, అక్కడ కూడా వరుస ఉంటుంది.